ఆల్టెన్‌కిర్షెన్ జిల్లా: సహకార సంఘమునకు పుట్టినిల్లు

పరపతి సంఘమనగా నెరుగని రైతు తెలుగునాట అరుదు. విత్తనములకును, ఎరువులకును, పాడిపశువులకును అప్పు కోరి సంఘము గడప త్రొక్కినవారు ప్రతి గ్రామమునందును గలరు. అయినను ఆ సంఘమునకొక పుట్టినూరు కలదనియు, అది ఏ మహానగరములోనో పండితుల మేధస్సునుండి గాక, ఒక కొండసీమలోని బీదపల్లెలలో ఆకలి బాధనుండి పుట్టినదనియు ఎరిగినవారు కొలదిమంది మాత్రమే. జర్మనీ దేశమున రైన్ నదికి తూర్పుగా వెస్టర్‌వాల్డ్ అను కొండలసీమ యున్నది. ఆ సీమలోని ఆల్టెన్‌కిర్షెన్ జిల్లాయే ఆ పుట్టినిల్లు. ఆ జిల్లా నేల ఎట్టిది, దానిని ఎవరెవరు ఏలిరి, దాని పరిపాలన ఏ తీరున నడచినది, అచ్చటి పల్లెలనుండి బయలుదేరిన యొక యోచన తెలుగు పల్లెలకు ఎట్లు చేరినది అను విషయములు గ్రామవాసులందరును తెలిసికొనదగినవి.

ఉనికి, నైసర్గిక స్వరూపము

జర్మనీ దేశము 16 రాష్ట్రముల సమాఖ్య. అందు రైన్‌లాండ్-పలాటినేట్ యను రాష్ట్రమునకు మైన్ట్స్ నగరము రాజధాని. ఆ రాష్ట్రపు ఉత్తరపు కొసను ఆల్టెన్‌కిర్షెన్ జిల్లా యున్నది. ఉత్తర పశ్చిమ దిక్కుల నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రమును, తూర్పున కొంతమేర హెస్సె రాష్ట్రమును, దక్షిణమున స్వరాష్ట్రమునకే చెందిన వెస్టర్‌వాల్డ్, నోయ్‌వీడ్ జిల్లాలును దీనికి సరిహద్దులు. వైశాల్యము సుమారు 640 చదరపు కిలోమీటర్లు; జనసంఖ్య సుమారు 1,30,000. తెలుగునాటి లెక్కలో ఇది మూడు నాలుగు మండలములను కలిపినంత మాత్రమే. జిల్లాకు ముఖ్యస్థానమైన ఆల్టెన్‌కిర్షెన్ కూడ పెద్దపట్టణము గాదు. ఆరువేలకు కొంచెము మించిన జనము గల చిన్న ఊరు. దానికంటె జీగ్ నది లోయలోని బెట్స్‌డోర్ఫ్ పట్టణము పెద్దది.

ఈ జిల్లాకు రెండు నదులు ప్రాణము. జీగ్ నది తూర్పున ప్రవేశించి, అడవులు గప్పిన కొండల నడుమ మెలికలు తిరుగుచు పడమరకు సాగి, బాన్ నగర సమీపమున రైన్ నదిలో గలియును. కిర్షెన్, బెట్స్‌డోర్ఫ్, విస్సెన్ మొదలగు ఊళ్లు ఈ లోయలోనివే. రెండవదియగు వీడ్ నది దక్షిణభాగమున ఆల్టెన్‌కిర్షెన్ ప్రక్కగా పారి నోయ్‌వీడ్ కడ రైన్‌లో గలియును. తూర్పు కొసను కొండలు ఎత్తైనవి. అందు స్టెగ్‌స్కోప్ఫ్ శిఖరము ఎత్తు 654 మీటర్లు. పడమటి దక్షిణపు భాగములు ఎగుడుదిగుడు మెరకభూములు.

నేల అడుగున పలకరాయి. పైన పలుచని మన్ను. వానలు తరచు, గాలి చల్లన, చలికాలము దీర్ఘము. గోధుమ కంటె రై ధాన్యమును, ఓట్లును, బంగాళాదుంపయు ఇచ్చట ఎక్కువగా పండించుచుండిరి. దీనికితోడు తండ్రి ఆస్తిని బిడ్డలందరును సమముగా పంచుకొను ఆచారము ఈ ప్రాంతమున నుండుటచే తరతరమునకు కమతములు చీలి చీలి చిన్నవైనవి. తెలుగు రైతునకు ఈ బాధ వేరుగా వివరింప నక్కరలేదు.

హౌబెర్గ్ అను ఉమ్మడి అడవి

ఈ సీమలో ప్రాచీనమైన యొక ఉమ్మడి వ్యవస్థ కలదు. జీగ్ లోయకు ఇరుప్రక్కల గల కొండవాలులలో సిందూర వృక్షములును, భూర్జ వృక్షములును పెరుగు అడవిని హౌబెర్గ్ అందురు. దానిని విడివిడిగా పంచుకొనక, ఊరివారు వాటాదారులై ఉమ్మడిగా అనుభవించుచుండిరి. అడవిని భాగములుగా విభజించి, సంవత్సరమునకొక భాగము చొప్పున నరుకుదురు. సుమారు 20 ఏండ్లకు మరల మొదటి భాగమునకు వత్తురు. అప్పటికి మోడులనుండి చిగిర్చిన చెట్లు నరకుటకు సిద్ధమై యుండును.

నరికిన సిందూరపు బెరడు తోళ్లు పదును చేయువారికి పోవును. కట్టె బొగ్గై ఇనుము కరగించు కొలుములకు పోవును. మిగిలిన ఆకు అలములను కాల్చి ఆ బూడిదలో ఒక పైరు రై చల్లుదురు. ఆ పైరు కోసిన పిదప కొంతకాలము నేలను విడిచిపెట్టి, చెట్లు పశువులకు అందనంత ఎత్తు పెరిగిన తరువాత మేతకు విడుతురు. తెలుగునాటి ఏజెన్సీ పోడు సేద్యమును ఎరిగినవారికి ఈ పద్ధతి కొంత పరిచితముగనే తోచును. అయితే ఇచ్చట ఎవరెప్పుడెంత నరుకవలెనో కట్టడులు కలవు. కట్టడి మీరినవానికి జరిమానా కలదు. కొన్ని హౌబెర్గ్ సంఘములు నేటికిని నిలిచియున్నవి. కలిసి అనుభవించుటకు కలిసి కట్టుబడియుండుట అవసరమను బుద్ధి ఈ సీమవారికి గ్రంథములవలన వచ్చినది గాదు.

చేతులు మారిన సీమ

మధ్యయుగమున ఈ భూభాగములో అధికభాగము సాయ్న్ ప్రభువుల ఏలుబడిలో నుండెను. 1314లో జర్మనీ రాజు లూయీ ఆల్టెన్‌కిర్షెన్‌కు పట్టణపు హక్కులు నొసగెను. 17వ శతాబ్దిలో, ముప్పదేండ్ల యుద్ధము సాగుచుండగా, సాయ్న్ వంశపు ఒక శాఖలో మగసంతానము అంతరించెను. ఇరుగుపొరుగు ప్రభువులు రాజ్యమును కబళింపజూచిరి. అప్పుడు రాణి లూయిసా యులియానా అను వితంతువు తన ఇరువురు కుమార్తెల హక్కులకై ఏండ్ల తరబడి పోరాడెను. 1648లో కుదిరిన వెస్ట్‌ఫాలియా సంధి ఆ కుమార్తెల హక్కును గుర్తించెను. పిమ్మట రాజ్యము రెండుగా చీలి, పెద్దకుమార్తెకు హాఖెన్‌బుర్గ్ భాగమును, చిన్నకుమార్తెయగు యోహన్నెట్టాకు ఆల్టెన్‌కిర్షెన్ భాగమును దక్కెను.

యోహన్నెట్టా వివాహముచే ఈ సీమ దూరమున నున్న సాక్సె-ఐసెనాఖ్ వంశమునకు చేరినది. ఆ వంశము 1741లో అంతరింపగా బ్రాండెన్‌బుర్గ్-అన్స్‌బాఖ్ ప్రభువులకును, 1791లో వారినుండి ప్రష్యా రాజునకును, 1803 తరువాత నాస్సావ్ ప్రభువులకును సంక్రమించెను. నెపోలియను పతనానంతరము 1815లో మరల ప్రష్యాకే దక్కెను. నూరేండ్లలోపల ఇందరు ప్రభువులు మారిరి. అందు పెక్కుమంది ఈ పల్లెలను కన్నులార చూచియుండరు. పన్ను కట్టించుకొను పేరు మారుచుండెనే గాని పన్ను మారలేదు.

ఈ నడుమ ఫ్రెంచి విప్లవ యుద్ధములు ఈ సీమను త్రొక్కి వేసినవి. 1796 జూన్ 4వ తేదీన ఆల్టెన్‌కిర్షెన్ కడ క్లేబర్ సేనాని నాయకత్వమున ఫ్రెంచివారు ఆస్ట్రియా సేనలను ఓడించిరి. అదే సంవత్సరము సెప్టెంబరున ఫ్రెంచివారు వెనుకకు మరలునపుడు మార్సో అను యువసేనాని ఈ ప్రాంతమున గాయపడి, 21వ తేదీన ఆల్టెన్‌కిర్షెన్‌లో మరణించెను. అప్పటికి అతని వయస్సు 27 ఏండ్లు. ఇరుపక్షముల సైన్యములును పల్లెల ధాన్యమును, పశువులను, గుర్రములను తరలించుకొనిపోయినవి.

ప్రష్యా పాలనలో జిల్లా నిర్మాణము

ప్రష్యా ప్రభుత్వము 1816లో ఆల్టెన్‌కిర్షెన్ జిల్లాను ఏర్పరచెను. పూర్వము సాయ్న్ ప్రభువులకును, కొలోన్ ఆర్చిబిషప్పునకును, హాట్స్‌ఫెల్డ్ వంశీయులకును చెందియున్న వేర్వేరు తునకలు ఈ జిల్లాలో గలిసినవి. అందుచేతనే యిందు ప్రొటెస్టెంటు గ్రామములును, కాథలిక్ గ్రామములును ప్రక్కప్రక్కనే కానవచ్చును. జిల్లా అధికారికి లాండ్‌రాట్ అని పేరు. ఆతడు కోబ్లెంజ్ నగరమునందలి పై అధికారులకు లోబడి యుండును.

జిల్లాకును గ్రామమునకును నడుమ మరియొక మెట్టు కలదు. చిన్న పల్లెలు తమంతట ఒక కచ్చేరీని భరింపలేవు గనుక, ఇరువది ముప్పది పల్లెలను గుదిగూర్చి ఒక మేయరు చేతిక్రింద నుంచిరి. ఈ మేయరు నగర మేయరువంటి వాడు గాడు; పల్లెల కూటమికి అధికారి. రోడ్లు, బడులు, బీదల పోషణ, పన్నుల లెక్క, సైన్యమునకు మనుష్యుల చిట్టా అన్నియు ఆతని బాధ్యతలే. జీతము స్వల్పము, పని అపారము. ఇట్టి యొక చిన్న యుద్యోగమునుండియే ప్రపంచ వ్యాప్తమైన యుద్యమము పుట్టెను.

1846-47 కరవు

ఫ్రెడరిక్ విల్హెల్మ్ రైఫైజెన్ 1818 మార్చి 30వ తేదీన ఈ జిల్లాలోనే, జీగ్ లోయలోని హమ్ గ్రామమున జన్మించెను. తండ్రి కొంతకాలము ఆ ఊరి మేయరు. బాల్యముననే ఆయన యండ కుమారునకు లేకపోయెను. ఊరి మతాచార్యుడు చదువు చెప్పెను. యువకుడై సైన్యమున చేరి, కన్నుల జబ్బుచే 1843లో దానిని విడిచెను. 1845లో వైయెర్‌బుష్ పల్లెల కూటమికి మేయరుగా నియమింపబడెను.

ఆయన వచ్చినది కష్టకాలమున. 1845లో ఐరోపాయంతటను బంగాళాదుంపకు తెగులు సోకెను. 1846లో ధాన్యపు పంటయు చెడెను. ఆ శీతకాలమున వెస్టర్‌వాల్డ్ పల్లెలలో రొట్టె ధర కూలివాని చేతికి అందకపోయెను. ప్రభుత్వము తన నిలువలనుండి కొంత పిండిని పంపెను. కాని దానిని రొక్కమునకే అమ్మవలెనని ఆజ్ఞ. రొక్కమున్నవారికి ఆ పిండి అంతగా అవసరము లేదు. అవసరమున్నవారి చేత రొక్కము లేదు. రైఫైజెన్ ఆ ఆజ్ఞను ప్రక్కకు బెట్టి, బీదలకు పిండిని అప్పుగా నిచ్చుటకు తెగించెను.

అది యొక్క నెలకు చాలునేమో గాని కరవంతటికి చాలదు. అందుచే ఆయన ఊళ్లలోని కలిగినవారిని సమావేశపరచి వారిచే ఒక నిధి నేర్పరచెను. ఆ ధనముతో దూరప్రాంతములనుండి రై ధాన్యము కొని తెప్పించి, ఉమ్మడి పొయ్యియిల్లు కట్టించి, రొట్టెలు కాల్పించి, బజారు ధరకంటె ఎంతయో తక్కువకు, చేత డబ్బు లేనివారికి అప్పుమీద ఇప్పించెను. పంట వచ్చిన పిదప తీర్చవలెనని నియమము. దీనికి వైయెర్‌బుష్ రొట్టె సంఘమని పేరు. మరుసటి పంటకై విత్తనపు దుంపలను కూడ ఇట్లే సమకూర్చిరి. మేయరుగా ఆయన బడి కట్టించెను. పల్లెలనుండి రైన్ తీరపు సంతలకు దారి లేనందున రోడ్డు వేయించుటకు పూనుకొనెను. హమ్ నుండి నోయ్‌వీడ్ వరకు గల ఆ బాటకు నేడు ఆయన పేరే పెట్టియున్నారు.

దానమునుండి స్వయంసహాయమునకు

1848లో రైఫైజెన్‌ను ప్రక్కనున్న ఫ్లామ్మెర్స్‌ఫెల్డ్‌కు మార్చిరి. అచ్చట ఆకలి కంటె అప్పు పెద్ద రోగమై యుండెను. బీదరైతు ఆవును కొనలేక వ్యాపారివద్ద పాలికి తెచ్చుకొనును. ఆవు వ్యాపారిదే, మేపు రైతుది. దూడ పుట్టినను, పాలు పితికినను లాభమందు అధికభాగము వ్యాపారికే చేరును. బాకీ పెరిగిన పిమ్మట పొలమును, ఇల్లును వేలమునకు వచ్చును. 1849లో రైఫైజెన్ సుమారు 60 మంది కలిగినవారిచే ఒక సహాయ సంఘమును స్థాపింపజేసెను. వారందరు తమ యావదాస్తిని పూచీగా చూపి తక్కువ వడ్డీకి ధనము తెచ్చి, పశువులను కొని, బీదరైతులకు వాయిదాలమీద ఇచ్చిరి. వాయిదాలు తీరగానే ఆవు రైతు సొంతమగును.

1852లో ఆయన నోయ్‌వీడ్ ప్రక్కనున్న హెడ్డెస్‌డోర్ఫ్‌కు మేయరుగా పోయెను. అచ్చట 1854లో స్థాపించిన ధర్మసంఘము ఆశయములు విస్తృతములు: దిక్కులేని బాలల పోషణ, చెరనుండి విడుదలైనవారికి పని, బీదరైతులకు పశువులు, ఋణనిధి, వీనితోపాటు ప్రజాగ్రంథాలయ స్థాపన. కూటికిని గ్రంథమునకును నడుమ ఆయన గోడ కట్టలేదు.

అయితే ఆ ధర్మసంఘము నిలువలేదు. కరవునాటి జాలి కొన్ని ఏండ్లకు చల్లారెను. అప్పు తీసికొనువారొకరు, పూచీ వహించువారు వేరొకరు. తీసికొనువానికి సంఘము తనదను భావము లేదు. పూచీ యిచ్చువానికి లాభమేమియు లేదు, నష్టభయము మాత్రము కలదు. ఒక్కొక్కరుగా కలిగినవారు తొలగజొచ్చిరి. రైఫైజెన్ మొదట దీనికి సమ్మతింపలేదు. ధనికుల ధర్మబుద్ధిపైననే సంఘము నిలువవలెనని ఆయన ఆశ. కాని అనుభవము వేరుగా బోధించెను. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ ఋణసంఘము క్రొత్త పద్ధతిపై ఏర్పడెను. అప్పు కావలసినవాడు సంఘ సభ్యుడు గావలెను. సభ్యుడైనవాడు అందరి అప్పునకును పూచీ పడవలెను.

ఆ పద్ధతి నియమములు కొలదియే, కాని గట్టివి. సంఘము ఒక ఊరికో, ఒక చర్చి పరిధికో పరిమితమై యుండవలెను. ఏలనగా ఒకరి నడవడి యొకరెరిగిన చోటనే పూచీకి అర్థముండును. పూచీకి ఎల్ల లేదు. సంఘము మునిగిన ప్రతి సభ్యుని పొలమును దానికి బాధ్యము. పాలకవర్గము జీతము లేక పనిచేయవలెను. లాభము పంచుకొనరాదు, విభజింపరాని నిధిగా నిలుపవలెను. ధనమున కెక్కువ తక్కువలున్నను ఓటు మాత్రము తలకొకటే. ఇచ్చిన అప్పు ఏ పనికి తీసికొన్నారో ఆ పనికే వినియోగింపవలెను. అప్పు తీసికొన్నవాడు త్రాగి తిరిగినచో వాని పొరుగువారు ఊరకుండరు, ఏలనగా ఆ నష్టము తమదే.

కన్నుచూపు క్షీణించుటచే రైఫైజెన్ 1865లో ఉద్యోగమును విడిచెను. మరుసటి సంవత్సరము తన అనుభవములను గ్రంథముగా ప్రకటించెను. ఇంచుమించు అంధుడైన ఆ తండ్రికి కుమార్తె అమాలియా చదివి వినిపించుచు, చెప్పినది వ్రాయుచు తోడ్పడెను. పింఛను చాలక ఆయన మద్యవ్యాపారము చేసి కుటుంబమును పోషించుకొనెను. 1888 మార్చి 11వ తేదీన మరణించునాటికి జర్మనీలో ఆయన సంఘములు వందల సంఖ్యకు చేరియుండెను.

ఆయన జీవితమున మచ్చ లేకపోలేదు. తన చివరి దశలోని రచనలలో పల్లెల ఋణబాధకు యూదు వర్తకులను మూకుమ్మడిగా నిందించెననియు, ద్వేషపూరితమైన మాటలు వ్రాసెననియు ఇటీవలి చరిత్రకారులు స్పష్టపరచిరి. ఆనాటి పల్లెలలో యూదులలోను బీదలుండిరి, క్రైస్తవులలోను వడ్డీవ్యాపారులుండిరి. ఊరివారిని ఒకటిగా కట్టిన పాశమే ఊరిలో కొందరిని వెలివేయుటకును ఉపకరింపగలదని ఈ జిల్లా చరిత్రయే తరువాత చూపినది.

రైన్ తీరమునుండి తెలుగుసీమకు

1890ల నాటికి మద్రాసు రాజధానిలోని రైతుల ఋణబాధ ప్రభుత్వమును కలవరపెట్టుచుండెను. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. ఐరోపాలో వ్యవసాయ పరపతి సంస్థలు ఎట్లు నడచుచున్నవో విచారించుటకు మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను సివిల్ ఉద్యోగిని నియమించెను. ఆయన నివేదిక 1895లోను, 1897లోను రెండు సంపుటములుగా వెలువడెను. ఈ దేశమునకు కావలసినది ధనము కంటె ముందుగా రైఫైజెన్ వంటి మనుష్యుడనియే ఆ నివేదిక సారాంశము.

దాని ఫలితముగ 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. పదిమందికి తక్కువ గాకుండ ఒక సంఘముగా చేరవచ్చును, గ్రామ సంఘమునకు సామాన్యముగా ఎల్లలేని పూచీ, లాభము నిలువనిధికే. హెడ్డెస్‌డోర్ఫ్ నియమములు అచ్చుగ్రుద్దినట్లు ఇచ్చట కానవచ్చును. అదే తరమున తెలుగువారిలో గ్రంథాలయోద్యమము కూడ మొలకెత్తుట గమనింపదగినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును వెలసినవి.

అయితే ఒక భేదము కలదు. వెస్టర్‌వాల్డ్‌లో సంఘము ఊరిలో పుట్టి చట్టమును వెదకుకొనెను. ఈ దేశమున చట్టము ముందు పుట్టి ఊరిని వెదకెను. అధికారి వచ్చి స్థాపించిన సంఘము అధికారి బదిలీ కాగానే నిద్రించుట పలుచోట్ల జరిగినది. 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలన ప్రకారము రైతులు చేసిన అప్పులలో సహకార సంఘములనుండి వచ్చినది 3.1 శాతము మాత్రమే. అర్ధశతాబ్దికి దక్కిన ఫలమది. ఊరివారే పూని నడపిన చోట ఫలితము వేరుగా నుండెను. ఆనాటి కరీంనగరు జిల్లా ముల్కనూరులో 1956లో ఏర్పడిన సహకార సంఘము ఇందుకు తార్కాణము. సంఘములు ప్రభుత్వపు వాటాధనముపై నాధారపడక స్వతంత్రముగా నడచుటకు వీలుగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1995లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము చేసెను. అది నూటయేబది యేండ్లకు పూర్వము వైయెర్‌బుష్ నేర్పిన పాఠమునకు చేరువైనది.

ఇనుము, రైలు, యుద్ధములు

రైఫైజెన్ పల్లెలలో తిరుగుచున్న కాలముననే జిల్లా ఉత్తరభాగము మారిపోజొచ్చెను. ఈ కొండలలో ఇనుపఖనిజము ప్రాచీనకాలమునుండి త్రవ్వుచుండిరి. 1859-62 సంవత్సరములలో కొలోన్ నుండి జీగ్ లోయ మీదుగా గీసెన్ వరకు రైలుమార్గము వేయగా, రూర్ ప్రాంతపు బొగ్గు ఇచ్చటికిని, ఇచ్చటి ఖనిజము బయటికిని పోవుటకు దారి యేర్పడెను. పల్లెయైన బెట్స్‌డోర్ఫ్ రైలు కూడలియై పట్టణమైనది. హేర్డోర్ఫ్, డాడెన్ ప్రాంతములలో గనులు లోతునకు దిగినవి. చిన్నరైతు పగలు గనిలో కూలియై, సాయంకాలము తన చెక్క పొలములో కాపుయై రెండు జీవితములు గడపెను.

హేర్డోర్ఫ్‌లో 1876లో జన్మించిన ఔగుస్ట్ జాండర్ బాల్యమున గనిలో పనిచేసి, పిదప ఛాయాచిత్రకారుడై, వెస్టర్‌వాల్డ్ రైతుల ముఖములను లోకమునకు చూపెను. నాటు దుస్తులలో నిటారుగా కూర్చున్న ముదుసలులు, 1914లో ఆటపాటలకై పోవుచున్న ముగ్గురు యువరైతులు ఆయన చిత్రములలో చిరస్థాయులైరి.

1933లో నాజీలు అధికారమునకు రాగానే సహకార సంఘముల స్వాతంత్ర్యము పోయెను. అవి ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాంగమునకు లోబడినవి. 1938 నవంబరున ఆల్టెన్‌కిర్షెన్‌లోని యూదుల ప్రార్థనామందిరము నాశనమయ్యెను. తరతరములుగా ఆ ఊళ్లలో నివసించిన యూదులు కొందరు దేశము విడిచిపోయిరి. పోలేనివారు చెరలకు తరలింపబడి హతులైరి. వారి పొరుగువారిలో పెక్కుమంది మౌనముగా నుండిరి. పొరుగువాని పూచీపై కట్టిన సంఘములకు పుట్టినిల్లైన సీమలో ఇట్లు జరుగుట చరిత్రలోని కఠిన సత్యము. యుద్ధము చివరి నెలలలో ఆల్టెన్‌కిర్షెన్ పట్టణము బాంబులవలన మిక్కిలి నష్టపడెను.

యుద్ధానంతరము ఈ సీమ ఫ్రెంచివారి ఆధిపత్యములో నుండి, 1946లో ఏర్పడిన రైన్‌లాండ్-పలాటినేట్ రాష్ట్రమున చేరెను. గనులకు మాత్రము మంచిరోజులు తిరిగి రాలేదు. విదేశములనుండి వచ్చు ఖనిజము చవుక గనుక 1965లో విల్రోట్ గ్రామపు గేయోర్గ్ గనియు, డాడెన్ సమీపపు ఫ్యూస్సెబెర్గ్ గనియు మూతపడినవి. గేయోర్గ్ గని ఎత్తైన ఇనుపగోపురము నేటికిని రాజమార్గమున పోవువారికి కానవచ్చును. హేర్డోర్ఫ్‌లో జిల్లావారు గనుల ప్రదర్శనశాలను నిర్వహించుచున్నారు.

నేటి పరిపాలన

ఈ జిల్లాలో నూటికి పైగా గ్రామములును, కొలది పట్టణములును గలవు. ప్రతి గ్రామమునకు ఎన్నుకొనబడిన పంచాయతి యుండును. గ్రామ మేయరు జీతగాడు గాడు. తన వృత్తి తాను చేసికొనుచు ఊరి పని చూచును. శ్మశానము, ఊరిలోని దారులు, సమావేశ మందిరము వంటివి గ్రామము బాధ్యతలు.

పల్లెలన్నియు కలిసి సంయుక్త మండలులుగా ఏర్పడును. పూర్వపు మేయరు కూటములే 1968లో ఈ రూపము దాల్చినవి. ప్రాథమిక పాఠశాలలు, అగ్నిమాపక దళము, నీటి సరఫరా, కచ్చేరీ లెక్కలు మండలివి. అగ్నిమాపక దళములో పనిచేయువారు ఊరి స్వచ్ఛంద సేవకులే. ఖర్చు తగ్గించుటకై 2014లో డాడెన్, హేర్డోర్ఫ్‌లును, 2017లో బెట్స్‌డోర్ఫ్, గెబ్‌హార్డ్స్‌హైన్‌లును, 2020 జనవరి 1వ తేదీన ఆల్టెన్‌కిర్షెన్, ఫ్లామ్మెర్స్‌ఫెల్డ్‌లును కలియగా ఇపుడు మండలులు ఆరు: పై మూడింటికి తోడు హమ్, కిర్షెన్, విస్సెన్.

వానిపైన జిల్లా. జిల్లాసభకు 5 ఏండ్లకొకసారి ఎన్నికలు జరుగును. పూర్వము ప్రభువు నియమించిన లాండ్‌రాట్‌ను నేడు ప్రజలే 8 ఏండ్లకు ఎన్నుకొందురు. ఉన్నత పాఠశాలలు, జిల్లా రోడ్లు, చెత్త తొలగింపు, బాలల సంక్షేమము, ప్రకృతి వైపరీత్యములందు సహాయము జిల్లా పనులు. ఇందుకు కావలసిన ధనములో కొంత గ్రామములే తమ రాబడినుండి చెల్లించును. అందుచే జిల్లాసభలో ప్రతి సంవత్సరము గ్రామములకును జిల్లాకును వాదము తప్పదు. చెల్లించువాడు లెక్క అడుగుట అచ్చట అపరాధము గాదు.

ఫలశ్రుతి

హమ్ గ్రామమున రైఫైజెన్ ప్రదర్శనశాల యున్నది. ఫ్లామ్మెర్స్‌ఫెల్డ్‌లో ఆయన నివసించిన యిల్లును, వైయెర్‌బుష్‌లో పొయ్యియిల్లును స్మారకములుగా కాపాడబడుచున్నవి. ఆయన ఆలోచన మాత్రము ఆ గోడలలో నిలువక లోకమంతట వ్యాపించెను. సహకార సంఘముల భావమును, ఆచరణమును ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ 2016లో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను.

ఈ చిన్న జిల్లా కథలో ప్రభువులు పలువురు వచ్చి పోయిరి, గనులు తెరచి మూసిరి, సరిహద్దులు మారినవి. నిలిచినది, ఒక మేయరు కరవుకాలమున ఊరివారికి నేర్పి, తానును వారివలన నేర్చుకొన్న పాఠము. కలిగినవాని జాలిపై నిలిచిన సంఘము ఆ జాలి ఉన్నంతవరకే యుండును. అనుభవించువారే బాధ్యత వహించిన సంఘము తరములు నిలుచును. 1854 నాటి హెడ్డెస్‌డోర్ఫ్ ధర్మసంఘపు ఆశయములలో ఋణనిధితోపాటు గ్రంథాలయము కూడ చేరియుండుట మరువరానిది. గ్రామ గ్రంథాలయమునకును ఈ న్యాయమే వర్తించును. దాత యిచ్చిన భవనము దాని దేహము. నెలనెల తమ చందా తామే చెల్లించి, పుస్తకమును చదివి, చెడగొట్టక, గడువులోపల తిరిగి అప్పగించు సభ్యులే దాని ప్రాణము.